గుడి మీద ఎవరూ కూర్చోరు

నేను జర్మనీ చూడలేదు. ముందు ఆ ముక్క రాయమ్మా. లేకపోతే చదివే పిల్లలు ఈ ముసల్ది విమానమెక్కి తిరిగొచ్చి కబుర్లు చెబుతోందనుకుంటారు. నేను ఇరవై రెండేళ్ళు ఎక్కింది ఒక్క ఫెర్రీయే. ఫెర్రీ అంటే ఓడ కాదు. పొద్దున్నే మన మింగళ తౌంగ్‌న్యున్ వీధి చివర ఎక్కించుకుని, నది మీది వంతెన దాటించి, లైంగ్‌థార్యార్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు దించే బస్సు. మన రంగూన్లో దాన్ని ఫెర్రీ అంటారు. నీకు తెలుసులే. తెలియని వాళ్ళ కోసం రాయి.

జర్మనీ చూడలేదు గాని అందులో ఒక ఊరు నాకు బాగా తెలుసు. రెగెన్స్‌బర్గ్ దాని పేరు. ఆ పేరు నోటికి పట్టడానికే నాకు వారం పట్టింది. డాన్యూబ్ అనే నది ఒడ్డున ఉంటుంది. అక్కడి ఉప్పు గిడ్డంగి కప్పుకి కిటికీలు ఎలా వరసలు తీరి ఉంటాయో, గడియారం గోపురం గోడ ఏ రంగో, పెద్ద గుడి శిఖరాలు ఎక్కడినుంచి సన్నబడతాయో నన్ను అడుగు. కళ్ళు మూసుకుని చెప్తాను. ఎందుకంటే ఆ ఊరిని నేను కుట్టాను. నేనూ, నా చేతికింద పదకొండు మంది ఆడపిల్లలూ. అందులో ఒక పిల్ల ఉద్యోగం ఆ ఊరి వల్లే ఊడిపోబోయింది. దాని గురించే నేను చెప్పబోయేది.

పెద్దవాళ్ళ ఉద్యోగాల కబుర్లకి మీ పత్రికలో ఒక పేజీ ఉంచామని, పేర్లు రాయకూడదని నువ్వే అన్నావు. మంచిదే. పేర్లు చెబితే సగం మంది ఇంకా బతికే ఉన్నారు, ఇంటికొచ్చి తగాదా పెట్టుకుంటారు.

మాది ఎంబ్రాయిడరీ ఫ్యాక్టరీ. పరదాలు, దిండు గలేబులు, బల్ల గుడ్డలు, బయటి దేశాల కోసం. గుడ్డ మీద పెద్ద పెద్ద బొమ్మలన్నీ మిషన్లు కుట్టేస్తాయి. మిషనుకి చేతకాని సున్నితమైన పని మాత్రం మా బల్ల దగ్గరికి వస్తుంది. మాది చేతికుట్టు బల్ల. దానికి నేను సయామాని. పంతులమ్మని పిలిచినట్టు పిలుస్తారు గాని చదువేం చెప్పను, దారం ఎలా లాగాలో చెప్తాను. నా కుర్చీకి వీపు ఆనించుకునే చెక్క ఉండేది. పిల్లలవి వట్టి స్టూళ్ళు. ఆ చెక్క కోసం నేను అయిదేళ్ళు పనిచేశాను. గుర్తుంచుకో, మళ్ళీ వస్తుంది.

ఒక ఏడు వానాకాలానికి ముందు ఈ జర్మనీ ఆర్డరు వచ్చింది. ఆ ఊరికి చూడ్డానికి వచ్చే జనానికి జ్ఞాపకంగా అమ్మే సామాను. ఒక కట్టలో ఫోటోలు, దారం రంగుల చార్టు, ఏది ఏ కట్టడమో ఇంగ్లీషులో రాసిన రెండు కాగితాలు. నాకు కాన్వెంటులో చదివిన నాలుగు ఇంగ్లీషు ముక్కలున్నాయి కదా, నమూనా కుట్టేటప్పుడు ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదువుకున్నాను. అప్పటికి మీ అమ్మకి ఇంకా పెళ్ళి కాలేదు. కాగితం తనే పట్టుకుని చూపించేది.

ఎంత బాగుంటుందనుకున్నావు ఆ ఊరు. నదికి అడ్డంగా రాతి వంతెన. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట కట్టారట, ఇప్పటికీ జనం నడుస్తున్నారట. ఫెర్రీలో మన వంతెన దాటేటప్పుడు ఇనుము గడగడమంటుంటే నాకు అదే గుర్తొచ్చేది. వంతెన చివర ఒక గోపురం, దానికి గడియారం. దాని పక్కనే ఉప్పు గిడ్డంగి. కప్పే ఇంత పొడుగుంటుంది, గోడలు దాని కింద ఇరుక్కున్నట్టుంటాయి. నది మీద పడవల్లో వచ్చిన ఉప్పంతా అందులో పోసేవారట. మా నాన్న రేవులో గిడ్డంగి కూలీ. మా తాతా అంతే, సముద్రం దాటి వచ్చింది ఆ పనికే. రేవు గిడ్డంగిని బొమ్మ గీసి, దారంతో కుట్టి, గోడకి తగిలించుకోవాలని ఇక్కడ ఎవరికీ తోచలేదు. వాళ్ళకి తోచింది. ఆ కప్పు కిటికీలు కుట్టేటప్పుడు నేను కొంచెం నిదానంగానే కుట్టాను.

ఆ గిడ్డంగిని ఆనుకుని సాసేజీలు కాల్చి పెట్టే చిన్న వంటిల్లు. వరద వచ్చినప్పుడల్లా నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో గోడ మీద గీతలు పెట్టుకుంటారట. మా ఫ్యాక్టరీ గోడకి కూడా వరద మరక ఉంది, గీత మాత్రం ఎవరూ పెట్టలేదు, సున్నం వేసేశారు. ఇంక లోపల వీధుల్లో షావుకార్లు కట్టించుకున్న పొడుగాటి బురుజులు. పై అంతస్తుల్లో చాలావాటిలో ఎవరూ కాపురం ఉండేవారు కారట. పక్కింటి షావుకారు కంటే ఎత్తుగా కనబడాలని కట్టడమే. అది చదివి మా ఒదిన ఎంత నవ్విందో.

ఒదినంటే చుట్టం కాదు. మన వీధిలోనే మూడిళ్ళ అవతల, నా కంటే నాలుగేళ్ళు చిన్న. మా బల్ల దగ్గర నా కుడిచేతి పక్కన కూర్చునేది. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం.

"మన సైనా బజార్ సేటుగోరు కూడా అలాటిదే కడతన్నాడు గదా ఒదినా," అంది. "పైన ఏటుందని అడిగితే నీళ్ళ టాంకీ అన్నాడు."

అన్నిటి వెనకా, అన్నిటి కంటే ఎత్తుగా పెద్ద గుడి, అంటే వాళ్ళ చర్చి. రెండు శిఖరాలు, రాతిని కొరికి అల్లిక చేసినట్టుంటాయి. వందల ఏళ్ళు కడుతూనే ఉన్నారట. వంతెన మధ్యలో ఒక బుల్లి కప్పు, ఆ కప్పు మీద ఒక రాతి కుర్రాడు కూర్చుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంటాడు. వంతెన కట్టిన మేస్త్రీ, గుడి కట్టిన మేస్త్రీ పందెం వేసుకున్నారని, గుడి ఎంతవరకూ వచ్చిందో అని ఆ కుర్రాడు చూస్తున్నాడని కథ. నిజానికి వంతెన ముందు పుట్టింది, గుడి చాలా తరవాత. కథకి అవన్నీ అక్కర్లేదు.

మాకు వచ్చినవి రెండు ముక్కలు. పెద్ద ముక్కలో ఊరంతా. చిన్న ముక్కలో ఊరి ముద్ర: ఎర్ర గుడ్డ మీద ఒకదానికొకటి అడ్డంగా వేసిన రెండు వెండి తాళంచెవులు. నది, వంతెన, గడియారం, గిడ్డంగి, బురుజులు మిషన్లు కుట్టేసి పంపుతాయి. గుడి, రాతి కుర్రాడు, తాళంచెవులు మాత్రం మా చేతిపని. కాగితంలో వంతెన గురించి చదివాను, ఉప్పు గురించి చదివాను, గుడి గురించి చదివాను. అడుగున ముద్ర గురించి కూడా నాలుగు లైన్లున్నాయి. అది కంపెనీ గుర్తులాంటిదే కదా అని వదిలేశాను. ఆ నాలుగు లైన్లూ చదివి ఉంటే నీకు ఇవాళ చెప్పడానికి కథ ఉండేది కాదు.

నమూనా చూసి అందరూ, గోడకి తగిలించే పటం అనుకున్నాం. ఎవరూ వేరే చెప్పలేదు కూడా. పని మొదలైన నాలుగో రోజు, ఐరావతి డెల్టా నుంచి వచ్చిన పిల్ల ఒకతి, పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో, తెల్లదారం అయిపోయిందని పక్క షెడ్డుకి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చి, సూది గుడ్డలో గుచ్చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమైందే, ఏమైందే అని అడిగాను. చివరికి బర్మీసులో మెల్లగా అంది. మన గుడి మీద ఒకాయన కూర్చుని అన్నం తింటున్నాడు సయామా, అని.

వెళ్ళి చూశాను. పక్క షెడ్డులో మా పెద్ద ముక్కకి వెనక గుడ్డ వేసి, లోపల స్పంజి దూర్చి, మూలలకి తాళ్ళు కుడుతున్నారు. కుర్చీకి కట్టుకునే మెత్త. చిన్న ముక్క వీపు వెనక్కి, పెద్ద ముక్క కిందికి. స్పంజి కోసే అతను ఒకటి స్టూలు మీద వేసుకుని, దానిమీద సుఖంగా కూర్చుని అన్నం డబ్బా విప్పుకున్నాడు. అతని తప్పేం ఉంది. మెత్తగా ఉంది, కూర్చున్నాడు. కాని ఆ రెండు శిఖరాలూ అతని లుంగీ కింద నుంచి కొంచెం కొంచెం కనబడుతున్నాయి.

ఇది చదివే పిల్లలకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పుట్టాం, ఇక్కడి మట్టిలో పెరిగాం. పగోడా మెట్ల దగ్గర చెప్పులు విప్పడం నడక వచ్చిన దగ్గర్నుంచీ తెలుసు. ఆడవాళ్ళ లుంగీ ఆరేసిన తాడు కింద నుంచి మగాడు తల దూర్చడు. మన ఇళ్ళల్లో అయితే కాలు పుస్తకానికి తగిలినా కళ్ళకద్దుకుంటాం. ఎవరి గుడి అని అడగం. గుడి గుడే.

వచ్చి చూసేసరికి పదకొండు మందీ సూదులు కింద పెట్టేశారు. ఎవరూ అరవలేదు, ఎవరూ కుట్టం అనలేదు. బర్మా పిల్లలు అలా అనరు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తలలు వంచుకుని కూర్చుంటారు, అంతే. అంతకంటే గట్టి మాట ఈ ఊళ్ళో లేదు.

పైకి వెళ్ళి మేనేజరుతో చెప్పొచ్చు కదా అమ్మమ్మా అని నువ్వడుగుతావు. చెప్పొచ్చు. చెప్పకపోవడం నా మొదటి తప్పు, రాసుకో. కాని మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. నువ్వు పైకి ఒక ప్రశ్న పట్టుకెళ్తే, వాళ్ళు కిందికి ఒక పేరు అడుగుతారు. ఎవరు ముందు ఆపారు? పేరు చెప్పు. ఆ పేరుగల పిల్ల కార్డు మర్నాడు గేటు దగ్గర చింపేస్తారు. ఆ డెల్టా పిల్లకి ఊళ్ళో మంచాన పడ్డ తండ్రి, బడికెళ్ళే ఇద్దరు తమ్ముళ్ళు. తను పంపే జీతమే వాళ్ళ కుండలో బియ్యం. అందుకని ప్రశ్న పైకి పట్టుకెళ్ళలేదు. నేనే సర్దేద్దామనుకున్నాను. పదిహేనేళ్ళ సయామాని కదా, ఆ మాత్రం సర్దలేనా అని పొగరు.

గుడి మన చేతిపనే కదా. చేతిపని ఎక్కడ పెడితే అక్కడికి వెళ్తుంది. వీపు వెనక ముక్కలో గుడి పెడితే? వీపు వెనక ఉంటే అవమానమేం లేదు, కాస్త ఎత్తులోనే ఉంటుంది. చిన్న ముక్క మీద కాగితం వేసి చూశాను. కొలిచినట్టు సరిపోయింది. పిల్లల మొహాలు విచ్చుకున్నాయి. అప్పటికి కుట్టినవి విప్పేశాం. సూదులు కదిలాయి.

ఒదిన మాత్రం పెద్ద ముక్క చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఒదినా, మరి ఈ కుర్రోడేటి సూత్తన్నాడు ఇప్పుడు? అటేపు ఏటీ లేదు. బోడి గుడ్డ."

నిజమే. రాతి కుర్రాడు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఖాళీ వైపు చూస్తున్నాడు. పైగా అంత చోటు ఖాళీగా వదిలేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"తాళంసెవులు అక్కడ ఎట్టేద్దాం," అన్నాను.

"తాళంసెవుల మీద కూకుంటే పర్లేదా?"

"నీ తాళాల గుత్తి ఎక్కడుందే?"

ఒదిన నడుం తడుముకుంది. బొడ్లో దోపుకున్న గుత్తి గలగలమంది. మన ఆడవాళ్ళందరం అలాగే దోపుకుని కూర్చుంటాం, లేస్తాం, పడుకుంటాం. తాళంచెవుల్లో అవమానం ఎక్కడుంది. ఇంటి సామాను. అలా అనుకుని పెట్టించేశాను. చూడ్డానికి కూడా ముచ్చటగా వచ్చింది. ఎర్రటి చిన్న పలక మీద వెండి తాళాలు, కుర్రాడు వాటినే వెతుక్కుంటున్నట్టు.

క్వాలిటీ చూసే అబ్బాయి వచ్చి కాగితం పట్టుకుని చూశాడు. గుడి ఉందా, ఉంది. తాళాలున్నాయా, ఉన్నాయి. దారం రంగులు సరే, కొసలు సరే. ఏది ఎక్కడుండాలో అతని కాగితంలో రాసి లేదు. అన్నిటికీ టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు. మొదటి లాటు అంతా అలాగే పూర్తయింది. నేను రోజూ ఫెర్రీలో వంతెన దాటుతూ మహా తెలివైనదాన్ననుకునేదాన్ని.

అమ్మమ్మా ఇంక ఆ ఇన్‌స్పెక్షన్ డే గురించి చెప్పు అంటున్నావు కదా. చెప్తున్నాను, టీ చల్లారిపోతోంది, ఒక్క గుక్క తాగనీ.

ఆ రోజు వాన. షెడ్డు రేకుల మీద ఒకటే మోత. కొన్న కంపెనీ తరఫున ఒకావిడ సరుకు చూడ్డానికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, తడిసిన బూట్లు. ఆ ఊరి మనిషేనట. మేనేజరు కుర్చీ ఒకటి తెప్పించి, మెత్తలు రెండూ తనే కట్టి, పక్కకి జరిగి నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ చూసింది. వంగి చూసింది. సంచిలోంచి చార్టు తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది. మేనేజరు నవ్వు మెల్లగా ఆరిపోయింది.

ఇంకో అయిదు నిమిషాల్లో మా బల్ల మొత్తాన్ని వరసలో నిలబెట్టారు. పిల్లలందరూ చేతులు ముందుకి కట్టుకుని నేల చూస్తున్నారు. మేనేజరు మరీ చెడ్డవాడు కాదు, రాయి. ఆయన మీద పై వాళ్ళున్నారు. కాని ఆ రోజు ఆయన గొంతు మెత్తగా ఉంది. నేను భయపడేది ఆ మెత్తటి గొంతుకే.

ఇది ఎవరు మార్చారు, అన్నాడు. నేనే, అన్నాను. మీరు మార్చి ఉండరు సయామా, మీరు ఇన్నేళ్ళలో ఒక్క కుట్టు తప్పలేదు, ఎవరో ఒక పిల్ల పని ఆపి ఉంటుంది, మీరు దాన్ని వెనకేసుకొస్తున్నారు, అన్నాడు. ఆ మనిషి తెలివైనవాడు. అన్నీ తెలుసుకునే అడుగుతున్నాడు.

వరసలో డెల్టా పిల్ల ముందుకి అడుగు వెయ్యబోయింది. ఒదిన దాని కాలు తొక్కి పట్టుకుంది. మొహం మాత్రం ఎటో చూస్తోంది, వాన ఎంత బాగా పడుతోందో అన్నట్టు. ఆ పిల్ల కళ్ళంట నీళ్ళొచ్చాయి. నొప్పికో భయానికో నాకు తెలియదు. ఒదిన కాలు మాత్రం తియ్యలేదు.

"ఒక్క పేరు చెప్పండి సయామా," అన్నాడు మేనేజరు. "మీ కుర్చీ మీకుంటుంది."

"ఈ గొడవంతా కుర్చీ వల్లే వచ్చిందండీ," అన్నాను. "ఉంచుకోండి. నేను చెప్పాను, వాళ్ళు కుట్టారు. పేరు కావాలంటే నాది రాసుకోండి."

ఇదంతా బర్మీసులో నడుస్తోంది. ఆవిడకి అర్థం కాలేదు. గుడి అక్కడెందుకు పెట్టారు అని నన్నే ఇంగ్లీషులో అడిగింది. నాకున్న నాలుగు ముక్కల్లో చెప్పాను. మా దేశంలో గుడి మీద కూర్చోరమ్మా, అని. ఆవిడ మొహంలో కోపం లేదు, మెప్పూ లేదు. మా గుడి నేల కింద మా బిషప్పుల సమాధులున్నాయి, మేం రోజూ వాళ్ళ మీదే నడుస్తాం, మాకేం బాధ లేదు, అంది.

"మీ గుడిలో మీరెలా నడిచినా మీ ఇష్టం," అన్నాను. "కుట్టినవి మా చేతులు."

ఆవిడ వంగి, కింది మెత్త మీద వేలు పెట్టింది. వెండి తాళాల మీద.

ఇవేమిటో మీకు తెలుసా అని అడిగింది. ఊరి ముద్ర, అన్నాను. కాదు, అంది. ఇవి సెయింట్ పీటర్ తాళంచెవులు. స్వర్గం తలుపులు తీసేవి. ఆ పెద్ద గుడి ఆయన పేరు మీదే ఉంది. నేనిచ్చిన కాగితంలో రాశాను.

ఇది రాస్తున్నావా? బాగా రాయి. నన్ను చూసి నవ్వినా ఫరవాలేదు.

పందొమ్మిదేళ్ళ పిల్ల సూది కింద పెట్టి కాపాడిన మర్యాదని, పదిహేనేళ్ళ సయామాని నేను తీసుకెళ్ళి సరిగ్గా కూర్చునే చోటే పెట్టాను. గుడిని పైకెత్తి, ఆ గుడి స్వామి చేతిలోని తాళాలు కింద పడేశాను. అందరి చేతా కుట్టించాను. నా వెనక ఒదిన ఊపిరి పీల్చడం వినబడింది.

"సచ్చాం ఒదినా," అంది.

మేనేజరు మొహంలో వెలుగొచ్చింది. ఆయనకి దారి దొరికింది. చూశారా, అన్నాడు, ఏది పవిత్రమో మీకే తెలియదు, అంతా ఉత్త మాటలు, మొత్తం విప్పేసి చార్టులో ఉన్నట్టు మళ్ళీ కుట్టండి, గుడి కిందికి, తాళాలు పైకి. అని, డెల్టా పిల్ల వైపు చూశాడు. ఈ పిల్ల రేపట్నుంచి రానక్కర్లేదు, అన్నాడు. తనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

  నేనేదో పులిలా నిలబడ్డానని రాయకు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. చెయ్యి తనంతట తనే చెయ్యాల్సింది చేసింది. వంగి కుర్చీకి కట్టిన తాళ్ళు విప్పాను. కింది మెత్త రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ తాళాల బొమ్మని కళ్ళకద్దుకున్నాను. కాలు తగిలితే పుస్తకాన్ని అద్దుకున్నట్టే. తరవాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుండెకి పట్టుకుని నిలబడ్డాను.

"ఈ తప్పు నాది," అన్నాను. "తాళాలు మేం విప్పేస్తాం. ప్రతి మెత్తకీ విప్పుతాం. గుడి మాత్రం కిందికి దిగదు. ఆ పిల్ల రేపు రాకపోతే నేనూ రాను, ఈ వరసలో ఎవరూ రారు. అప్పుడు గుడిని మిషను చేత కుట్టించుకోండి."

ఎవరూ రారని పిల్లల్ని నేను అడగలేదు. అడగకుండా అనేశాను. తల తిప్పి చూడ్డానికి కూడా భయం వేసింది. చూస్తే ఒకళ్ళు తల అడ్డంగా ఊపుతారేమోనని. వాన మోతలో వెనక నుంచి చిన్న చప్పుడు వినబడింది. ఒదిన తన చేతి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. తరవాత ఇంకో కత్తెర. తరవాత ఇంకోటి. కత్తెరలు మా సొంతవి, తెలుసా. ఫ్యాక్టరీవి కావు. ఎవరి చేతికి తగ్గది వాళ్ళం కొనుక్కుంటాం. సాయంత్రం సంచిలో వేసుకోడానికి ముందు బల్ల మీద పెడతాం. ఇంటికి వెళ్ళేటప్పుడు చేసే పని అది. పొద్దున్న పదకొండు గంటలకి చేశారు. చివరి కత్తెర డెల్టా పిల్లది.

జర్మనీ ఆవిడకి మాటలు అర్థం కాకపోయినా కత్తెరలు అర్థమయ్యాయి. ఇందాక కళ్ళకి ఎందుకు తాకించుకున్నారు అని అడిగింది. మేనేజరు ఏం లేదండీ అన్నాడు. ఆవిడ ఆయన్ని అడగలేదు. కాలు తగిలితే మేం ఇలా క్షమించమని అడుగుతాం, అన్నాను. ఆవిడ కుర్చీ వైపు చూసింది. కింది మెత్త నా దగ్గరుంది, వీపు వెనకది మాత్రమే కుర్చీకి ఉంది. రెండు శిఖరాలూ నిటారుగా నిలబడి ఉన్నాయి.

తాళాలు విప్పడానికి ఎన్ని రోజులు, అంది. నాలుగు, అన్నాను. విప్పిన చోట ఏం పెడతారు, అంది. నా దగ్గర ఇంక తెలివితేటలు మిగల్లేదు. తెలియదు, అన్నాను.

"ఏమీ పెట్టొద్దు," అంది ఆవిడ. "ఆ కుర్రాడు నదిని చూస్తాడులే."

ఆ పిల్ల సంగతి నేను మళ్ళీ అడిగాను. వదలను కదా. ఆవిడ మేనేజరు వైపు తిరిగి, నాలుగు రోజుల్లో విప్పాలంటే అందరి చేతులూ కావాలి, అంది. అంతే. నన్ను మెచ్చుకోలేదు, చెయ్యి కలపలేదు. మీ వల్ల నాకు నాలుగు రోజులు ఆలస్యం అని విసుక్కుంటూ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. అలాంటి ఆర్డరు మాకు మళ్ళీ రాలేదు కూడా.

వెండి దారం విప్పడం చాలా పాపిష్టి పని. పోగు తెగితే గుడ్డ మీద గీత పడుతుంది. నాలుగు రోజులూ ఒక్కొక్క తాళంచెవీ విప్పాం. ఎర్ర పలక కూడా విప్పేశాం. ఊడిన దారాన్ని ఆ డెల్టా పిల్ల నేల మీద పడనివ్వలేదు. కాగితంలో పోగేసి, ఆదివారం పగోడాకి వెళ్ళినప్పుడు అక్కడి చెట్టు మొదట్లో పెట్టి వచ్చిందట. వాళ్ళ స్వామి దారం మన పగోడాలో ఏమిటే అని ఒదిన అంటే, మరి ఎక్కడ పెట్టమంటావు అంది. ఒదిన నోరు మూసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

తరవాతి నెల నన్ను సయామా పని నుంచి తీసేసి, దారం కొసలు కత్తిరించే బల్లకి మార్చారు. ఆ బల్ల దగ్గర కుర్చీలే ఉండవు, నిలబడే పని. నా కుర్చీలో టిక్కులు పెట్టే ఆ క్వాలిటీ అబ్బాయి కూర్చున్నాడు. మానేసేదాకా రెండేళ్ళు నిలబడ్డాను. ఇప్పుడు ఈ మోకాళ్ళ నొప్పి అదే. డెల్టా పిల్ల మాత్రం పనిలోనే ఉంది. మధ్యాహ్నం నా బల్ల దాటి వెళ్ళేటప్పుడు ఇక్కడ పెద్దలకి వంచినట్టు రోజూ తలవంచి వెళ్ళేది. మేనేజరు చూస్తుండగా కూడా నాకు వంచేది. కావాలనే వంచేది, నాకు తెలుసు.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరే పిల్లలకి నేను ఏదో నేర్పాలని మీ పత్రిక వాళ్ళ ఆశ. నేర్పేదేం లేదమ్మా. ఇచ్చిన కాగితం అడుగు దాకా చదవండి. అంతే రాయి. చదివాక కూడా చెయ్యననాల్సి వస్తే, అనండి. నేను చదవకుండా అన్నాను, తప్పు పడింది. అన్నందుకు మాత్రం ఇవాల్టికీ నాకు బాధ లేదు. మళ్ళీ ఆ వరసలో నిలబెట్టినా అదే మాట.

ఏది, ఆ ఊరు ఫోన్లో వచ్చిందన్నావు, చూపించు. ఆ, అదే వంతెన. కుర్రాడు ఇంత చిన్నవాడా, మేం పెద్దగా కుట్టాం. గిడ్డంగి కప్పు చూడు, కిటికీలు సరిగ్గానే పెట్టాను. ఇదిగో గుడి. రంగు మేం వేసినంత తెలుపు కాదు. సరే, రాసుకో, రాసుకో.

ఏటే గుంటా, ఫోను సాప మీద ఎట్టేసినావు?

"రాయడానికి హ్యాండ్ ఫ్రీ కావాలి అమ్మమ్మా. జస్ట్ ఫోటోయే కదా."

మేం కుట్టిందీ బొమ్మేనే. తీసి బల్ల మీద ఎట్టు.